ద్వీపంగా ఉండమంటే వెలిగా ఉండమనా?



ధమ్మ బంధువులారా, ఈసారి ఒక సెలవు గురించి రాస్తున్నాను. పంచశీల గురించో, అష్టాంగ మార్గం గురించో రాయాల్సిన చోట ఈ సెలవు గోల ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మొదలుపెట్టేటప్పుడు నాకూ అనిపించింది. అయితే ఆ నాలుగు రోజులూ నన్ను పట్టుకున్న ప్రశ్న నా ఒక్కడిదే కాదు. ఆదివారం విహారంలో కూర్చుని, సోమవారం నుంచి మళ్లీ కులాల మధ్యకే పోయి బతికే మనందరిదీ. అందుకే రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్తాను. డిసెంబర్ 6న మా ఊళ్లో బాబాసాహెబ్ పరినిబ్బాన దినం సభ పెట్టుకుంటాం. ఇరవై ఏళ్లుగా ఆ సభకు చందాలు వసూలు చేసేదీ, మైకు మాట్లాడేదీ, అద్దె కుర్చీలు లెక్కపెట్టి వెనక్కి పంపేదీ నేనే. ఈసారి ఫ్లెక్సీ దగ్గర తగువు వచ్చింది. డిగ్రీ చదివే కుర్రాడొకడు లేచి, "బాబాసాహెబ్ ఫొటో కంటే కమిటీవాళ్ల ఫొటోలే పెద్దగా ఉన్నాయి పెదనాన్నా" అన్నాడు. వాడన్నది నిజం. నిజం కాబట్టే నాకు కోపం ఆగలేదు. "నీ వయసెంత, నువ్వు మోసిన కుర్చీలెన్ని?" అని నలుగురిలో అరిచాను. వాడు జై భీమ్ చెప్పి బయటికి వెళ్లిపోయాడు. సభకు రాలేదు. తర్వాతి ఆదివారం వందనకూ రాలేదు.

ఆ పది రోజులూ సరిగా నిద్ర లేదు. కళ్లు మూస్తే వాడి ముఖం, తెరిస్తే కమిటీవాళ్ల ఫోన్లు. ఒకరి మీద ఒకరు చెప్పుకోవడమే. బీపీ మాత్ర ఒకటి కాస్తా రెండయింది. మా ఇంటావిడ చూసి చూసి, "నాలుగు రోజులు ఎక్కడికన్నా పోయి రండి. మీరు లేకపోతే ఉద్యమమేం ఆగదులే" అంది. ఆవిడ అంగన్‌వాడీ టీచరు. ఆవిడకు అప్పుడు సెలవు లేదు. ఆ సంగతి ఆ రోజు నాకు తట్టలేదు. తర్వాత తట్టింది, ఆ ముక్క కూడా చెప్తాను.

తమిళనాడులో పాంబన్ ద్వీపానికి వెళ్లాను. రామేశ్వరం ఉన్నది ఆ ద్వీపం మీదే. ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేసినవాడు రామేశ్వరం వైపు టికెట్టు కొనడమేమిటని ఒక మిత్రుడు ఎగతాళి చేశాడు. రైల్లో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు, "దర్శనానికేనా సామీ?" అని అడిగారు. "కాదండీ, గాలికి" అన్నాను. నవ్వారు. గుడి ఆ ద్వీపంలో ఒక మూల ఉంటుంది. మిగతాదంతా ఇసక, తాటిచెట్లు, తుమ్మకంప, వలలు, పడవలు. పాత వంతెన మీద రైళ్లు ఆపేసిన రోజులవి. మండపంలో దిగి, బస్సెక్కి, రోడ్డు వంతెన మీదుగా సముద్రం దాటాను. రెండు కిలోమీటర్ల పైచిలుకు వంతెన. సగం దూరం వచ్చేసరికి గాలి బస్సును భుజంతో నెడుతున్నట్టే ఉంది.

పాంబన్ ఊళ్లో ఒక జాలరి కుటుంబం మేడమీది గది అద్దెకిచ్చింది. క్రైస్తవులు. క్రిస్మస్ దగ్గరపడింది కాబట్టి వరండాలో కాగితపు నక్షత్రం కట్టారు. గాలికి అది రాత్రంతా టపటపా కొట్టుకునేది. నాకు తమిళం రాదు, వాళ్లకు తెలుగు రాదు. అన్నం, చేపల పులుసు, మంచినీళ్లు, అంతా సైగలే. మాట్లాడాల్సిన పని లేకపోతే ఎంత హాయిగా ఉంటుందో యాభై దాటాక తెలిసింది నాకు.

డిసెంబర్‌లో అక్కడ గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. మన దగ్గర గాలి వీచి ఆగుతుంది, అక్కడ ఆగే ప్రస్తావనే లేదు. తువ్వాలు ఆరేస్తే జెండా అవుతుంది. ఒడ్డున నడిస్తే ఇసక పిక్కలకు సూదుల్లా తగులుతుంది. చెవుల్లో హోరు తప్ప ఇంకేం వినపడదు. మొదటి రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఒడ్డున ఊరికే కూర్చున్నాను.

అలా కూర్చుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. మా పల్లెను ఊరికి ఆ పక్కనే ఎందుకు పెట్టారని చిన్నప్పుడు అడిగితే, "మన మీదగా వీచిన గాలి వాళ్ల మీదకి పోకూడదంటరా" అనేది. ఈ మాట మా నాయనమ్మే కాదు, చాలా ఊళ్లలో మన పెద్దవాళ్లు చెప్పగా విన్నాను. నీటికి అంటు, నీడకు అంటు, చివరికి గాలికి కూడా అంటు. పాంబన్ ఒడ్డున ఆ గాలి గుడికి వచ్చినవాళ్ల మీదా, చేపలు ఆరబెట్టే ఆడవాళ్ల మీదా, నా మీదా ఒకే తీరుగా వీస్తోంది. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఇసక వల్ల కూడా కావచ్చు.

రెండో రోజుకు హాయి తగ్గి తప్పు చేస్తున్నట్టు అనిపించింది. ఇక్కడ నేను చేపల పులుసు తింటూ కూర్చున్నాను. అక్కడ మనవాళ్ల మీద ఏ మూల ఏం జరుగుతోందో. మనకు విశ్రాంతి తీసుకునే హక్కుందా? ఇంత బాకీ ఉన్నవాడు సెలవు పెట్టవచ్చా? ఉద్యమంలో ఉన్నవాళ్లలో ఈ తప్పు భావన లేనివాళ్లు తక్కువ. కొందరైతే దాన్నే గొప్పగా చెప్పుకుంటారు, "నేను ఇరవై ఏళ్లుగా ఒక్కరోజు కూడా రెస్టు తీసుకోలేదు" అని. నేనూ చెప్పుకున్నాను.

బాబాసాహెబ్ ఇలా ఆలోచించలేదు. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడు. ఆ కాలంలోనే, 1945లో, ఫ్యాక్టరీల చట్టానికి వచ్చిన సవరణ కార్మికుడికి జీతంతో కూడిన సెలవును చట్టంలోకి తెచ్చింది. 1946 సవరణ వారానికి పనిగంటలను 48కి తగ్గించింది. కాంగ్రెసూ గాంధీ అస్పృశ్యులకు ఏం చేశారన్న తన పుస్తకంలో ఆయన గాంధీవాదాన్ని తప్పుపట్టిన కారణాల్లో తీరిక కూడా ఒకటి. మనిషి పశువులా పొద్దస్తమానం ఒళ్లు హూనం చేసుకుంటుంటే చదువెప్పుడు, ఆలోచనెప్పుడు, సంస్కృతి ఎప్పుడు? యంత్రం వచ్చి చాకిరీ తగ్గిస్తే ఆ తీరిక అందరికీ వస్తుందని ఆయన వాదం. తరతరాలుగా తీరిక ఒక కులం సొత్తు, చాకిరీ ఇంకో కులం సొత్తు. కాబట్టి మన మనిషి ఒకడు సముద్రపు ఒడ్డున ఊరికే కూర్చోవడం చిన్న సంగతి కాదు. మా నాయన బతుకంతా అలా ఒక్క రోజు కూర్చోలేదు.

తెలుగులో విహారం అనే మాటకు రెండు అర్థాలున్నాయి చూడండి. మనం ఆదివారం వెళ్లేది విహారం. స్కూలు పిల్లల్ని బస్సులో తీసుకెళ్లేది విహారయాత్ర. పాళీలో విహరించడమంటే ఉండటం, ఒక తీరుగా బతకడం. భిక్ఖువు వానాకాలం మూడు నెలలు ఒకచోట నిలిచి ఉంటాడు, దాన్నే వస్సావాసం అంటాం. తక్కిన కాలమంతా జనం మధ్య తిరుగుతాడు. నిలవడమూ తిరగడమూ రెండూ భగవానుడు పెట్టిన నియమాలే.

ఇంతవరకు నాకు తేలికగానే ఉంది. అసలు చిక్కు తర్వాత వచ్చింది.

మా విహారం గోడ మీద 'అత్త దీప భవ' అని రాసి, పక్కన ప్రమిద బొమ్మ వేయించాం. పిల్లలు నవ్వుతారు, "అత్త ఎవరు సార్?" అని. పాళీలో అత్త అంటే తాను. నీకు నువ్వే దీపం కావాలి అని చెప్తాం. అది తప్పేం కాదు. అయితే పాళీలో దీప అన్న మాటకు ఇంకో అర్థం ఉంది. సంస్కృతంలో దీపం వేరు, ద్వీపం వేరు. పాళీలోకి వచ్చేసరికి రెండూ 'దీప' అయిపోతాయి. మన తెలుగు 'దీవి' కూడా ఆ ద్వీపం నుంచి వచ్చిందే. ఈ సుత్తం సంస్కృత పాఠంలో ఉన్నది ద్వీపమే. బుద్ధఘోసుడు తన వ్యాఖ్యానంలో మహాసముద్రంలోని ద్వీపంలా అనే అర్థం చెప్పాడు. ధమ్మపదం అప్రమాద వగ్గంలో కూడా వరద ముంచలేని దీపాన్ని తెలివైనవాడు కట్టుకోవాలన్న భావం వస్తుంది. వరద ముంచేది దీవినే గాని ప్రమిదను కాదు కదా. అంటే భగవానుడు చెప్పింది, నీకు నువ్వే దీవిగా ఉండు అని.

ఈ సంగతి నాకు ఎప్పటి నుంచో తెలుసు. పుస్తకంలో చదివాను. దీవి మీద కూర్చున్నప్పుడు మాత్రం అది ముల్లులా గుచ్చుకుంది. మనల్ని దీవిగా ఉండమని వేరే చెప్పాలా? ఊరికి అవతల, కాలవకు అవతల, గాలికి అవతల మనల్ని దీవిగా చేసి పెట్టారు కదా! దాని పేరే వెలివాడ. చుట్టూ నీళ్లుండి, ఆ నీళ్లు తోడుకునే హక్కు లేని దీవి. దాన్నుంచి బయటపడటానికే మహాడ్ చెరువు దగ్గరికి వెళ్లాం, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్నాం. ఇంత చేసి మళ్లీ ఒంటరిగా ఉండు, దీవిగా ఉండు అంటే ఏం న్యాయం?

దీన్ని తేలిగ్గా దాటెయ్యడం నాకు ఇష్టం లేదు. ఎందుకంటే మనలో ధ్యానం పేరుతో సమాజాన్ని వదిలేసేవాళ్లున్నారు. పది రోజుల శిబిరానికి వెళ్లొచ్చి, "ఈ కులం గొడవలన్నీ మనసు చేసే ఆటలు" అని ఉపన్యాసం చెప్పినవాళ్లను చూశాను. బాబాసాహెబ్ 'బుద్ధుడూ అతని ధమ్మమూ' పీఠికలోనే ఈ ప్రశ్న వేశారు. భగవానుడు భిక్ఖువును ఎందుకు తయారుచేశాడు? పరిపూర్ణుడైన ఒక మనిషిగా నిలబెట్టడానికా, సమాజ సేవకుడిగా పంపడానికా? కేవలం పరిపూర్ణుడైతే వాడు స్వార్థపరుడే, ధమ్మ ప్రచారానికి పనికిరాడని ఆయన తేల్చిచెప్పారు. ఇంత కచ్చితంగా చెప్పిన మనిషి బిడ్డలం మనం. మనకు ద్వీపం ఎందుకు?

ఈ ప్రశ్నతోనే మూడోరోజు ధనుష్కోడి వెళ్లాను. ద్వీపం ఆ చివర సన్నగా సాగి రెండు సముద్రాల మధ్య ఒక ఇసక తోకలా మిగులుతుంది. 1964 డిసెంబర్ 22 రాత్రి తుపానులో ఆ ఊరు పోయింది. ప్యాసింజరు రైలు ఒకటి మనుషులతో సహా సముద్రంలో కలిసిపోయింది. చర్చి గోడలు, రైల్వే స్టేషను మొండిగోడలు ఇంకా ఉన్నాయి. మనుషులు ఉండటానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది. పనికిరాని ఆ చోట జాలరులు తాటాకు గుడిసెలు వేసుకుని ఇప్పటికీ బతుకుతున్నారు. మన దేశంలో ఎక్కడైనా ఉండటానికి పనికిరాని చోటు అంటే, అక్కడ ఎవరో పేదవాళ్లు ఉంటున్నారనే అర్థం.

ఆ దారిలో ఒక వింత చూశాను. రోడ్డుకు ఎడమపక్క పాక్ జలసంధి వైపు సముద్రం ఉడుకుతోంది. అలలు బురదరంగులో ఒకదాని మీద ఒకటి పడి పగులుతున్నాయి. కుడిపక్క మన్నార్ వైపు సముద్రం చెరువులా ఉంది. గాలి అదే, నేల చూస్తే నాలుగు అడుగుల ఎత్తు ఇసక. ఆ ఇసక అడ్డం ఉండటం వల్ల ఇటుపక్క నీళ్లు నిలిచి ఉన్నాయి. నాటు పడవలన్నీ ఇటే ఉన్నాయి. సాయంత్రం ఇంటాయన ఇసకలో గీత గీసి చూపించాడు. ఈ నెలల్లో పడవలు ఇటువైపు, ఎండాకాలంలో దక్షిణం గాలి మొదలైతే పడవలన్నీ అటువైపు. ద్వీపం తన చోటునే ఉంటుంది, పడవలు దాని చాటుకు మారుతుంటాయి. అది చూసినప్పుడు నాకు అంతగా అర్థం కాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నక్షత్రం టపటపా. కుర్రాడి మాట, నా అరుపు, కమిటీలో ఇంకొకాయన నా గురించి అన్నాడని ఎవరో చెప్పిన మాట, అన్నీ బారులు తీరి వచ్చాయి. మనుషులకు దూరంగా వచ్చాను గాని మనుషులంతా నాతోనే వచ్చారు. ఉదానంలో మేఘియుడనే భిక్ఖువు కథ ఉంది. ఏటి ఒడ్డున మంచి మామిడితోట చూసి, ఇక్కడ ఒంటరిగా ధ్యానం చేసుకుంటానని భగవానుణ్ని అడిగాడు. "ఇప్పుడు నా దగ్గర ఇంకెవరూ లేరు, మరో భిక్ఖువు వచ్చేదాకా ఆగు" అన్నాడాయన. మూడుసార్లు అడిగితే, నీ ఇష్టం అన్నాడు. మేఘియుడు వెళ్లి కూర్చున్నాడు. కూర్చోగానే కామం, పగ, హింస, ఈ మూడు రకాల ఆలోచనలే వచ్చి మీదపడ్డాయి. తిరిగొచ్చి చెప్పుకుంటే భగవానుడు తిట్టలేదు. పండని మనసు పండటానికి ఐదు కావాలన్నాడు. ఆ ఐదింట్లో మొదటిది ఏమిటో తెలుసా? మంచి స్నేహితుడు. ఒంటరితనం కోసం పరుగెత్తినవాడికి మొదటి మందు స్నేహితుడు!

అలాగని భగవానుడు మనుషుల మధ్య నుంచి ఎప్పుడూ లేచి వెళ్లలేదా అంటే, వెళ్లాడు. కోసంబిలో భిక్ఖువులు రెండు పార్టీలయ్యారు. గొడవకు మూలం మరుగుదొడ్డి చెంబులో మిగిల్చిన నీళ్లని అట్ఠకథ చెప్తుంది. మన ఫ్లెక్సీ గొడవ కంటే పెద్దదేం కాదు. భగవానుడు సర్దిచెప్పాడు, వినలేదు. అప్పుడు ఎవరికీ చెప్పకుండా పాత్ర, చీవరం తీసుకుని పారిలేయ్యక అడవికి వెళ్లిపోయాడు. ఇక్కడ రెండు సంగతులు చూడాలి. దారిలో ఆయన అనురుద్ధుడు, నందియుడు, కింబిలుడు కలిసి ఉంటున్న చోట ఆగాడు. పాలూ నీళ్లలా కలిసి బతుకుతున్న ఆ ముగ్గురినీ, ఎలా ఉంటున్నారు, తిండికి ఇబ్బంది లేదు కదా అని విచారించాడు. రెండోది, కోసంబిలో ఉపాసకులు కొట్లాడుకునే భిక్ఖువులకు భిక్ష మానేశారు. ఆకలికి బుద్ధి వచ్చి వాళ్లు రాజీపడ్డారు. ఆయన వెళ్లింది పారిపోవడానికి కాదు. ఈ కొట్లాటకు నేను అండగా ఉండను అని చెప్పడానికి.

బాబాసాహెబ్ రాసిన సిద్ధార్థుడి కథ కూడా ఇలాంటిదే. ముసలివాణ్ని, రోగిని, శవాన్ని చూసి అర్ధరాత్రి పారిపోయాడన్న కథను ఆయన ఒప్పుకోలేదు. రోహిణి నది నీళ్ల కోసం శాక్యులు కోలియుల మీద యుద్ధానికి తీర్మానిస్తే సిద్ధార్థుడు వద్దన్నాడు. సంఘం అతని ముందు పెట్టిన వాటిలో ఒకటి, కుటుంబాన్ని వెలివేసి ఆస్తి జప్తు చెయ్యడం. వెలి! ఆ మాట చదివినప్పుడల్లా నా ఒళ్లు జలదరిస్తుంది. తనవాళ్ల మీద వెలి పడకుండా అతనే దేశం విడిచాడు. ఆ తర్వాత జ్ఞానం కోసం కూర్చున్నప్పుడు కూడా నలభై రోజులకు సరిపడా తిండి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడని బాబాసాహెబ్ రాశారు. నాకు ఆ నలభై రోజుల తిండి చాలా ఇష్టం. గాలి భోంచేసే ముని కాదు. సెలవుకు లెక్క చూసుకుని, మళ్లీ జనంలోకి రావాలనుకుని కూర్చున్న మనిషి.

కాబట్టి వెలి వేరు, ఏకాంతం వేరు. వెలి వేసేది ఇంకొకడు. దాని తలుపు తాళం వాడి దగ్గరే ఉంటుంది. ఏకాంతం నేను తీసుకునేది, తాళం నా దగ్గరే. ఇంతవరకు ఎవరైనా చెప్తారు. నేను కూడా ఇక్కడితో సంతృప్తిపడి నాలుగోరోజు పొద్దున్నే నడకకు బయలుదేరాను.

వీధిలో ఒకావిడ ఊడుస్తోంది. యాభై ఏళ్లుంటాయి. గాలి వీపుకు తగిలేట్టు నిలబడి, గాలి పోయే వైపుకే చెత్త తోస్తోంది. ఎదురు ఊడిస్తే అంతా మొహాన పడుతుంది. నేను ఇంటికి ఫోను చేసి మాట్లాడుతుంటే విని, చీపురు ఆపి, "మీరు తెలుగా?" అంది. నేను ఉలిక్కిపడ్డాను. అరుంధతియర్లట. తమిళనాడులో వాళ్లలో చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారని విన్నాను గాని, వాళ్ల నోట వినడం అదే మొదలు. "ఇంట్లో తెలుగే మాట్లాడతాము. రాసేది రాదు" అంది. "మీ తెలుగు వేరే, మా తెలుగు వేరే" అని నవ్వింది.

"ఒక్కడివే వచ్చినావా? ఇంట్లో గొడవా?" అని అడిగింది. గొడవ ఇంట్లో కాదమ్మా, సంఘంలో అన్నాను. సంఘం అంటే ఏమనుకుందో, తల ఊపింది. "నీకు సెలవు ఉంటుందా అమ్మా?" అని అడిగాను. కాంట్రాక్టు పని, రానిరోజు కూలి లేదంది. 1945 నాటి చట్టం గురించి రెండోరోజు నేను గర్వంగా తలచుకున్నదంతా ఆ చీపురు ముందు చిన్నబోయింది. చట్టం వచ్చి ఇన్నేళ్లయినా జీతంతో సెలవు ఆవిడ దాకా రాలేదు. తర్వాత ఆవిడ అడిగింది, "నీకు లీవు ఎవరిచ్చినారు?"

ఆఫీసువాళ్లిచ్చారు అనబోయాను. నోరు రాలేదు. ఆఫీసు ఇచ్చింది కాగితం మీద. నిజంగా ఇచ్చింది మా ఇంటావిడ. ఆవిడ పొద్దున్నే అంగన్‌వాడీకి పోయి, సాయంత్రం వచ్చి, మా అమ్మకు మందులేసి, కమిటీ ఫోన్లకు "ఆయన ఊళ్లో లేరండీ" అని జవాబు చెప్తుంటే నేను ఇక్కడ ఏకాంతంగా ఉన్నాను. నేను ఆమె చాటున ఉన్న పడవని. అప్పుడు గాని ముందురోజు చూసిన సముద్రం నాకు అర్థం కాలేదు.

భగవానుడు ఆ దీపం మాట ఎవరితో, ఎప్పుడు చెప్పాడో గుర్తుచేసుకోండి. ఎనభయ్యో ఏట, ఆఖరి వస్సావాసంలో, వేసాలి దగ్గర బేలువ గ్రామంలో జబ్బుపడి లేచాడు. ఆనందుడికి దిగులు, సంఘం గురించి ఏదో ఒకటి చెప్పకుండా పోడులే అని ధైర్యం. ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చిందే ఈ మాట. సంఘాన్ని నేను నడుపుతున్నాను, సంఘం నా మీద ఆధారపడి ఉంది అనుకునేవాడెవడైనా ఉంటే వాడు చెప్పాలి గాని, తథాగతుడు అలా అనుకోడు అన్నాడాయన. తన దగ్గర పిడికిట్లో దాచుకున్నది ఏమీ లేదన్నాడు. తన శరీరం తాళ్లు కట్టి లాగుతున్న పాత బండిలా ఉందన్నాడు. ఆ తర్వాతే, మీకు మీరే దీవిగా, మీకు మీరే సరణంగా, ధమ్మమే దీవిగా, ధమ్మమే సరణంగా ఉండండి అన్న సారం వస్తుంది. దీవి పక్కనే సరణం. అదెలాగో కూడా చెప్పాడు. శరీరాన్ని, వేదనలను, మనసును, ధమ్మాలను ఎరుకతో గమనిస్తూ ఉండటం. ఎక్కడికీ పొమ్మనలేదు. ఇది నాయకత్వం గురించి అడిగిన ప్రశ్నకు జవాబు. ఇరవై ఏళ్లుగా సంఘం నా మీద ఆధారపడి ఉందనుకున్నవాణ్ని నేను. "మీరు లేకపోతే ఉద్యమమేం ఆగదులే" అని మా ఇంటావిడ ఏ సుత్తం చదవకుండానే చెప్పింది.

వెలివాడ చుట్టూ ఉన్నది మనిషి కట్టిన గోడ, దాటకూడదని కట్టింది. దీవి చుట్టూ నీళ్లుంటాయి, కాని పడవ వచ్చి దాని చాటున ఆగుతుంది. గాలి తిరిగితే రెండో వైపుకు వస్తుంది. నలుగురిలో ఆ కుర్రాడు నిజం చెప్పినప్పుడు వాడు నిలబడటానికి నా పక్కన చాటు ఉండాల్సింది. గాలి నేనే అయ్యాను.

ఇదంతా మిమ్మల్ని ఒప్పించడానికి రాయలేదు. వెలి తిన్న మనిషికి ఒంటరితనం అంటే భయం, ఆ భయానికి కారణం ఉంది. మనకు గుంపే బలం, ఒంటరిగా దొరికినవాణ్ని ఏం చేశారో కారంచేడు, చుండూరు మనకు చెప్పాయి. అందుకని నాలుగు రోజులు ఒంటరిగా ఉండి రండి అని ఎవరికీ సలహా ఇవ్వలేను. ముఖ్యంగా ఆడవాళ్లకు ఆ చోటు మన ఇళ్లలోనే మనం ఇవ్వడం లేదు. ఈ సంగతి ఏ సభలోనూ మనం మాట్లాడం.

ఆ వీధిలో ఆవిడకు వెళ్లేరోజు జై భీమ్ చెప్పాను. చీపురు చంకలో పెట్టుకుని, రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టి, "మళ్లా రా, ఇంటామెను కూడా తోడుకొని రా" అంది.

ఊరికి వచ్చిన సాయంత్రమే కుర్రాడి ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ మంచం వాల్చింది. వాడు లోపల్నుంచి రావడానికి కొంతసేపు పట్టింది. నేను చెప్పాల్సింది చెప్పాను, అది ఇక్కడ రాయను. ఏప్రిల్ 14కి ఫ్లెక్సీ పని వాడికే అప్పగించాం. మా ఫొటోలు ఒక్కటీ లేవు. ఒకరిద్దరు అలిగారు. కుర్చీలు కూడా వాడే లెక్కపెట్టాడు, రెండు తక్కువొచ్చాయి, డబ్బులు నేను కట్టాను.

వేసవిలో మా ఇంటావిడకు కొన్ని రోజులు సెలవు దొరికింది. పాంబన్ పోదామా, అప్పుడు గాలి దక్షిణం నుంచి వీస్తుంది, పడవలన్నీ అటువైపు ఉంటాయి, చూద్దువు గాని అన్నాను. "ముందు నన్ను నిద్రపోనివ్వండి" అంది. రెండు రోజులు వంట నేనే చేశాను.